ముందు చెయ్యి పెట్టినవాడు

కంప్యూటర్ పాడైందని బాన్సువాడలో ఎవరు పిలిచినా మోయిజ్ భాయ్ ముందు తెర చూడడు. కుర్చీలో ఒక కాలు మడిచి కూర్చుని, కీబోర్డు మీది దుమ్ము ఊదేసి, "నాకన్న ముందు దీన్ల చెయ్యి పెట్టిన గాడిద ఎవడు?" అని అడుగుతాడు. నిన్న రైసు మిల్లులోనూ అదే అడిగాడు. మిల్లుకొచ్చే ఈమెయిళ్లను వడపోసి లోపలికి పంపే పాత సాఫ్ట్‌వేర్ చెడిపోయింది. మళ్లీ ఎక్కించబోతే ఎనభై శాతం దగ్గర ఆగిపోతోంది. "పొద్దటి సంది ఒక్క ఆర్డర్ రాలే అన్నా, సేట్ నన్నే అంటుండు," అంటూ గుమాస్తా రోజారాణి చాయ్ పోసిచ్చింది.

మోయిజ్ కంప్యూటర్ చేసిన ప్రతి పనీ వరుసగా నమోదయ్యే లాగ్ ఫైలు తెరిచి, ఎప్పటిలాగే కింది నుంచి పైకి చదవసాగాడు. చివరి వరుస ఆగిపోయిన సంగతే చెబుతుందనీ, ఆపిందెవరో పైనెక్కడో ఉంటుందనీ అతని నమ్మకం. తెర మీద వేలు జరుపుతూ చాయ్ సంగతే మరిచిపోయాడు. నలభయ్యో వరుస దగ్గర వేలు ఆగింది. ఎనిమిదేళ్ల కింద ఎవరో పరీక్ష కోసం ఎక్కించి, తీసేయడం మరిచిన ఇంకో కాపీ, అసలుది చెడిపోగానే లేచి దాని చోట్లో కూర్చుని, కొత్తదాన్ని ఎక్కనివ్వడం లేదు. ఎక్కించినవాడి పేరూ పక్కనే ఉంది. మోయిజ్ కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, పెట్టుకుని మళ్లీ చదివాడు. తర్వాత ఆ కాపీని తీసేసి, సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించాడు. ఈసారి నూరు శాతం నిండింది. మెయిళ్లు బిలబిలమంటూ వచ్చిపడ్డాయి.

"దొరికిండా అన్నా, గా గాడిద?" అని నవ్వింది రోజారాణి.

"దొరికిండు చెల్లె," అన్నాడు మోయిజ్, చల్లారిన గ్లాసు అందుకుంటూ. "గీ చాయ్ గూడ వానికే పోసినవ్."