ఎదురొచ్చిన అనసూయ పిన్ని

నందిగామ బస్టాండులో పూలమ్మి బుట్ట మీది తడిగుడ్డ తీయగానే మరువం వాసన గుప్పుమంటుంది. ఎంత తొందరలో ఉన్నా నా కాళ్లు ఆగిపోతాయి. జగ్గయ్యపేటలో మా పక్కింటి అనసూయ పిన్ని జడలో రోజూ మరువం ఉండాల్సిందే. వాళ్లది కిరాణా కొట్టు. ఆవిడకు నోరు పెద్దది, దాపరికం బొత్తిగా లేదు.

నాకు చిన్నప్పటి నుంచీ ఉన్నట్టుండి గుండె దడదడా పరిగెత్తేది. మందులకు లొంగలేదు. రెండువేల సంవత్సరం దాటాక హైదరాబాద్ డాక్టరు, తొడ దగ్గరి నరంలోంచి సన్నటి తీగ గుండెలోకి పంపి, లయ తప్పిస్తున్న చోటును కాల్చేద్దామన్నారు. ఇంట్లో అందరిదీ ఒకటే మాట, "ఏం కాదు" అని. ఆ మాట విన్నకొద్దీ నాకు భయం పెరిగింది. పిన్నికి అంతకు కొన్నేళ్ల ముందే ఆ వైద్యం జరిగి, వికటించి, పేస్‌మేకర్ పెట్టారు. అందుకే అమ్మ ఆవిణ్ణి నా కంటపడనివ్వలేదు.

నేనే పెరటి గోడ దగ్గరికి వెళ్లి అడిగాను. పిన్ని చేట పక్కన పెట్టి, నా చేతిని తన ఎడమ భుజం కింద ఆనించుకుంది. చర్మం కింద అగ్గిపెట్టెలా గట్టిగా తగిలింది.

"భయపడమాకే. నాకు కాల్చాల్సిన చోటూ, గుండెని నడిపే అసలు దారీ పక్కపక్కనే ఉన్నాయంట. దానిక్కూడా సెగ తగిలింది. అప్పట్నుంచీ ఇదే నడిపిస్తోంది. ఇట్టా అయ్యేది ఏ కొద్దిమందికో అంట. ఆ కొద్దిమందిలో నేనున్నా."

"మరి నన్ను చేయించుకోమంటావా పిన్నీ?"

"అది నేనెట్టా చెప్తానే? నీకు కాల్చే చోటు ఎక్కడో, ఆ అసలు దారికెంత దూరమో డాక్టరుగార్ని అడుగు. అంతా విన్నాక కూడా వెళ్లాలనిపిస్తే వెళ్లు."

అడిగాను. నాది కాస్త దూరంగానే ఉన్నట్టుందని, అయినా ప్రమాదం లేదని మాటివ్వలేనని ఆయన అన్నారు. నెత్తురు కారడం, గుండె గోడకు చిల్లు పడటం, అన్నీ చెప్పారు. విచిత్రం, అవన్నీ విన్నాకే నా మనసు కుదుటపడింది.

ప్రయాణం రోజు ఎదురు రావడానికి ఎవరిని పిలవాలా అని అమ్మ వీధిలోకి చూస్తోంది.

"అనసూయ పిన్నిని పిలువమ్మా," అన్నాను.

"ఎవరూ లేనట్టు ఆవిడేంటే!"

"పిన్ని వస్తేనే గడప దాటుతా."

ఒకప్పుడు ప్రతి శుభకార్యానికీ ఆవిణ్ణే ఎదురు రమ్మన్న వీధి, ఒంట్లో ఆ పెట్టె పెట్టాక పిలవడం మానేసింది. పిన్ని నీళ్లబిందెతో ఎదురొచ్చింది. జడలోంచి మరువం రెబ్బ తీసి నా చేతిలో పెట్టింది. ఆవిడ కళ్లు తడిగా ఉన్నాయి.

నాకు తొడ దగ్గర కొన్నాళ్లు కమిలి ఉండటం తప్ప ఏమీ కాలేదు. పిన్ని ఇప్పుడు లేదు. ఆవిడ రుణం ఈ జన్మకు తీరదు. మా వీధిలో ఎవరైనా ఆపరేషనుకు వెళ్తుంటే నేను "ఏం కాదు" అనను. ఏమేం కావచ్చో ముందే అడగమంటాను. బయల్దేరే వేళకు తలలో మరువం పెట్టుకుని, ఎదురు వెళ్తాను.