గ్లూకోజ్ కంటే ముందు అడగాల్సిన మాట

2022 వర్షాకాలం. జంషెడ్‌పూర్ సాక్చిలోని ఒక చిన్న నర్సింగ్‌హోమ్‌లో నేను స్టాఫ్ నర్సుని. అప్పటికి పద్నాలుగేళ్ల సర్వీసు. నీరసమని ఎవరొచ్చినా డాక్టరు వచ్చేలోపు గ్లూకోజ్ బాటిల్ పెట్టేయడం మా దగ్గర అలవాటు. బాటిల్ వేలాడితే చాలు, ఇంటివాళ్లకు సగం ధైర్యం వస్తుంది. నిజం చెప్పాలంటే మాకూ అంతే.

ఆ మధ్యాహ్నం సీతారాండేరా నుంచి అప్పారావు తన భార్య పార్వతిని ఆటోలో తీసుకొచ్చాడు. ఆమెకు ముప్పై ఆరేళ్లు. మూడు వారాలుగా వాంతులు. రెండు నెలల క్రితం కలకత్తాలో గాల్‌బ్లాడర్ రాళ్లకు ఆపరేషన్ అయిందని అతను కేస్‌షీట్‌లో రాయించాడు.

"బాగా కమ్‌జోరీ, నీరసం వచ్చేసింది సిస్టరమ్మా. ఒక బాటిల్ ఎక్కించేయండి, లేచి కూకుంటాది" అన్నాడు.

ఎక్కించాను. పావు బాటిల్ వెళ్లాక ఆమె బాత్రూమ్‌కి వెళ్తానంది. చెయ్యి పట్టుకుని లేపితే, కాళ్లు ఎడంగా వేసి పడవలో నిలబడ్డట్టు ఊగిపోయింది. నా ముఖంలోకి చూసింది. కనుగుడ్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి.

"ఇద్దరొచ్చారేటి, సిస్టర్లు?" అంది.

అక్కడున్నది నేనొక్కదాన్నే. ఆమెను పడుకోబెట్టి డ్రిప్ ఆపేశాను. అప్పుడు గమనించాను, జాకెట్టు రెండు పక్కలా పిన్నులతో బిగించి ఉంది. గాల్‌బ్లాడర్ తీసినంత మాత్రాన మనిషి ఇంతగా తరిగిపోదు.

అప్పారావుని వరండాలోకి పిలిచాను. "నిజం చెప్పు బాబూ. కడుపు చిన్నది చేసే ఆపరేషనేనా?"

తల దించుకున్నాడు. "ఎవుళికీ సెప్పలేదండి. లావు తగ్గడానికి కోయించుకుందంటే నవ్వుతారని. విటమిన్ మాత్రలిచ్చారు, వాంతులవుతన్నాయని మానేసింది. సన్నబడతంది కదా, బాగానే ఉందనుకున్నాం."

డాక్టరుగారికి ఫోన్ చేస్తే ఒక్కటే అన్నారు. "ముందు థయమిన్, ఆ తర్వాతే గ్లూకోజ్." థయమిన్ అంటే బి1 విటమిన్. ఒంట్లో చక్కెర ఖర్చు కావాలంటే అది ఉండాలి. ఈ ఆపరేషన్ తర్వాత తిండి తగ్గి, వాంతులు కూడా పట్టుకుంటే కొన్ని వారాల్లోనే దాని నిల్వ అయిపోతుంది. అప్పుడు ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చైపోయి మెదడు దెబ్బతినొచ్చు. చూపు, నడక, జ్ఞాపకం పోవచ్చు. ఇదంతా నేను పరీక్షలో రాసి పాసైన పాఠమే.

థయమిన్ ఇంజెక్షన్ గాజు ఆంప్యూల్ విరుస్తుంటే వేలు తెగింది. మర్నాటికి ఆమె కళ్లు కుదుటపడ్డాయి. నడకకు వారం పట్టింది. నన్ను కలవరపెట్టింది ఆమె జ్ఞాపకశక్తి. వరసగా నాలుగు రోజులు పొద్దున్నే, "మీరు కొత్తగా జాయినయ్యారేటి?" అని అడిగింది. ఆ గది తలుపు తియ్యాలంటే భయమేసేది. ఐదో రోజు, "నిన్న నాకు జడేసింది మీరే కదా" అంది. స్టోర్‌రూమ్‌లోకి వెళ్లి ఏడ్చేశాను.

డిశ్చార్జి రోజు అప్పారావు చేతులు జోడించాడు. "మీరు సూడబట్టే బతికింది సిస్టరమ్మా."

ఇప్పుడు వాంతులు, ఆపరేషన్ల సంగతి రోగిని ఒంటరిగా అడగనిదే నా చేత్తో బాటిల్ పెట్టను. ఆ పావు బాటిల్ ఎంత చెరుపు చేసిందో తెలియదన్నారు డాక్టరుగారు. థయమిన్ కంటే ముందే గ్లూకోజ్ ఎక్కించానని కేస్‌షీట్‌లో రాశాను గానీ అప్పారావుకి మాత్రం చెప్పలేదు. అతను నవ్వుతారని దాచాడు, నేను భయపడి దాచాను.