అరవంలో రెండిటికీ ఒకటే అక్షరం

పన్నెండేళ్లుగా ఒక అక్షరం నా మీద కూర్చుని ఉంది. మోసేకొద్దీ తేలికవుతుందనుకున్నాను. కాలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే "ఇంతేనా" అంటారేమోనని భయం. నన్ను తిట్టినా ఓర్చుకుంటాను గానీ, ఇంతేనా అంటే మాత్రం ఓర్చుకోలేను. ఎందుకంటే అప్పుడు నేనూ ఇంతే కదా అనుకుని హాయిగా మరిచిపోతాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది తమిళనాడులో తిరుత్తణి దగ్గర పొదటూరుపేట. నేతపనివాళ్లం. ఇంట్లో నాలుగు మగ్గాలు. మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది అరవం. మా వయసువాళ్లలో తెలుగు అక్షరాలు వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్క. నేను ఎనిమిదో తరగతితో బడి మానేసి, మా తాత వదిలిపోయిన పాత వాచకం ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నాను. లైబ్రరీలో తెలుగు పుస్తకాలకు ఒకటే బీరువా ఉండేది. పై అర నుంచి కింది అర దాకా వరసగా చదివేశాను. ఆ సంగతి వీధిలో అందరికీ తెలిసేలా కూడా చూసుకున్నాను. బీరువా అయిపోయాక, తిరుత్తణిలో తెలుగు చర్చి అయ్యగారి దగ్గర కథల పుస్తకాలు ఉన్నాయని విని, బస్సెక్కి వెళ్లి అడిగి తెచ్చుకునేవాణ్ణి. భక్తితో కాదు. అచ్చయిన తెలుగు కాగితం కనబడితే నాకు చేతులు ఆగేవి కావు.

ఆ చిన్న పుస్తకాల్లో సగం కథలు గుడిసెలోనే జరిగేవి. ఒక విధవరాలు, ఒక దీపం, వానలో తలుపు తట్టే కొత్త మనిషి. చివర్లో ఒక ధనవంతుడు ఆ గుడిసె ముందు నిలబడి కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. ఇటు మా మగ్గాల మధ్య రేడియోలో సినిమా పాటలు. అరవంలోనూ తెలుగులోనూ అవే గుడిసెలు. మేడలో దొరకని సుఖం ఇక్కడ దొరికిందని హీరోయిన్ పాడేది. ఆ గుడిసెలో ఎప్పుడూ వెన్నెలే. నేను ఒక నోటుపుస్తకం పెట్టుకుని, గుడిసె వచ్చిన ప్రతి పాటనూ ప్రతి కథనూ రాసుకునేవాణ్ణి. చివరికి ఒక సిద్ధాంతం తేల్చాను. పాటలో గుడిసె ఇద్దరు ప్రేమించుకోవడానికి, క్రైస్తవుల కథలో గుడిసె డబ్బున్నవాడు సిగ్గుపడడానికి. టీకొట్లో ఎవరు దొరికినా ఈ సిద్ధాంతం వినిపించేవాణ్ణి. ఆ రెండు గుడిసెల్లోనూ ఎవరూ కాపురం ఉండరన్న మాట మాత్రం నాకు తట్టలేదు.

అది తట్టినవాడు మా నాలుగో మగ్గం మీద నేసేవాడు. పేరు సామేలు. నాకంటే ఐదారేళ్లు చిన్న. ఊరి చివర తాటాకు గుడిసెలో తల్లితో ఉండేవాడు. నన్ను అన్నా అని పిలిచేవాడు. మగ్గం గుంటలో కాళ్లు ఆడిస్తూ, ఆ చప్పుడుకు తగ్గట్టు ఏదో ఒకటి పాడుతూనే ఉండేవాడు.

పన్నెండేళ్ల కిందట క్రిస్మస్‌కు ముందు, చుట్టుపక్కల తెలుగు క్రైస్తవ సంఘాలన్నీ తిరుత్తణిలో ఒక రోజు సభ పెట్టుకున్నాయి. ఆ సభకు అయ్యగారు చిన్న పుస్తకం ఒకటి వేయదలిచారు. ప్రభువు పుట్టింది పశువుల పాకలో కాబట్టి పుస్తకమంతా గుడిసె మీదే ఉండాలన్నారు. నన్ను కథ రాయమన్నారు. ఎంత పొంగిపోయానో చెప్పలేను. మూడు నెలలు రాశాను. నా గుడిసెకు గుమ్మం మీద మల్లెతీగ పెట్టాను. చూరులోంచి చంద్రుణ్ణి చూపించాను. అయ్యగారు చదివి, భాష చాలా బాగుందని చెప్పి, కాగితాలు నా చేతికే ఇచ్చేశారు.

ఆ రోజు సామేలు నాతో వచ్చి ఉన్నాడు. ఊరికే, తోడుకు. అయ్యగారు మర్యాదకు, నువ్వేమైనా పాడతావా అని అడిగారు. సామేలు చేతులు కట్టుకుని నిలబడి పాడాడు.

నా గూడు ఇంతేనయ్యా, వంగి రావయ్యా
గూడు చూసి పోబాకయ్యా, లోనికి రావయ్యా
ఈ పక్క కారతాది, ఆ పక్క కూసోవయ్యా

అంతే పాట. ఇంకో రెండు చరణాలు ఉన్నాయి, వాటిలో వాసం తలకు తగులుతుంది చూసుకోమని దేవుడికి చెబుతాడు. అయ్యగారు మళ్లీ పాడమన్నారు. తర్వాత నా వైపు తిరిగి నవ్వుతూ, "ఇన్ని పుస్తకాలు చదివినావే, ఈ మాట నీకెందుకు రాలేదప్పా" అన్నారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నా దవడల్లో ఉంది.

ఎందుకు రాలేదు? నాకూ అదే ప్రశ్న. తిరుగు బస్సులో సామేలు పక్కనే కూర్చుని అదే ఆలోచించాను. నాకు పెంకుటిల్లు ఉంది, నోటుపుస్తకం ఉంది, బీరువా అంతా తలలో ఉంది. అతనికి కారే కప్పు ఉంది. నేను అతని కారే కప్పును చూసి అసూయపడ్డాను. నవ్వుతారా? నవ్వండి. ఆ కప్పు నాకు ఉంటే ఆ పాట నాదయ్యేదని నిజంగా అనుకున్నాను. వాన వస్తే అతని తల్లి చాప చుట్టుకుని మూలకు జరిగేదని తెలిసీ అనుకున్నాను.

అయ్యగారు మరో మాట కూడా అన్నారు. సభలో పాట నిలబడితే, చిత్తూరు పక్క పల్లెల్లో సంఘాలకు పాటలు నేర్పే పనికి సామేలును పంపుతానన్నారు. మగ్గం దిగిపోవచ్చు. పాడుకుంటూ బతకవచ్చు. బస్సులో సామేలు ఆ మాటే పదిసార్లు తిప్పి తిప్పి చెప్పుకున్నాడు.

మరునాడు పాట కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు. అతనికి తెలుగు అక్షరాలు రావు. తెలుగు పాటను అరవ అక్షరాల్లో రాసుకున్నాడు. మా వైపు చాలామంది అలాగే రాసుకుంటారు. దాన్ని తెలుగులోకి ఎత్తి రాయమన్నాడు. తనకు అక్షరాలు రావని అయ్యగారికి చెప్పవద్దని బతిమాలాడు. చెప్పనన్నాను.

మీకు అరవం రాకపోతే ఇది తెలియాలి. అరవంలో క కూ గ కూ వేరువేరు అక్షరాలు లేవు. ఒక్కటే రాస్తారు, సందర్భాన్ని బట్టి పలుకుతారు. సామేలు కాగితంలో ఉన్న మాటను గూడు అని చదవవచ్చు. కూడు అని కూడా చదవవచ్చు.

లైబ్రరీ బల్ల మీద, మధ్యాహ్నం పూట, ఎవరూ లేనప్పుడు ఆ పాట ఎత్తి రాశాను. మొదటి పంక్తిలోనే కలం ఆగింది. ఎంతసేపు ఆగింది? ఒక గుక్క నీళ్లు తాగేంత సేపు. నా కూడు ఇంతేనయ్యా. అర్థం ఉంది. కూడు చూసి పోబాకయ్యా. దానికీ అర్థం ఉంది. అది ఎలాంటి అర్థమో కూడా నాకు తెలుసు. మా వీధిలో సామేలు వాళ్లను చూసి, కూడు కోసం మతంలో కలిసినోళ్లని అనడం నేను చిన్నప్పటి నుంచీ విన్నాను. ఆ ఎగతాళికి ఇన్నాళ్లూ పాట లేదు. నేను ఇచ్చాను.

చెయ్యి తప్పిందా? ఏళ్ల తరబడి నాకు నేను అలాగే చెప్పుకున్నాను. ఒకచోట అయితే తప్పిందనుకోవచ్చు. నేను రెండుచోట్లా కూడు అనే రాశాను.

తిరువళ్లూరులో ఒక ప్రెస్సులో తెలుగు టైపు ఉండేది. అక్షరాలు కూర్చే ఆయనకు తెలుగు రాదు, ఆకారం చూసి కూర్చేవాడు. ప్రూఫు చూడడానికి అయ్యగారు నన్నే పంపారు. అంటే నాకు రెండో అవకాశం దొరికింది. ప్రూఫులో పదకొండు తప్పులు దిద్దాను. ఆ రెండిటినీ ముట్టుకోలేదు. పుస్తకాల కట్ట తీసుకుని సభనాటి పొద్దున్నే రైలెక్కి తిరుత్తణిలో దిగాను.

సామేలు స్టేషనుకే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. ఒక పుస్తకం తీసి ఇచ్చాను. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"నా పేరు యాడుందన్నా?"

వేలు పెట్టి చూపించాను.

"పాట ఒకసారి చదవన్నా. అచ్చులో ఎట్లుందో ఇంటాను."

చదివాను. కాగితంలో కూడు అని ఉంది. నేను గూడు అని చదివాను. తప్పు లేకుండా, చక్కగా, నా గూడు ఇంతేనయ్యా అని చదివాను. అతను కళ్లు మూసుకుని విన్నాడు. నేను మీకు చెప్పవలసింది అసలు ఇదే. మిగతాదంతా దీనికి ముందూ వెనకా జరిగినవి.

సభలో పాటలన్నీ పాడేది బృందమే కాబట్టి ఆ పాట సామేలు పాడలేదు. పుత్తూరు వైపు నుంచి వచ్చిన పాటల బృందం పుస్తకం చూసి పాడింది. మొదటిసారి కూడు అనగానే వెనక వరసల్లో ఎవరో నవ్వారు. రెండో పంక్తికి నవ్వు ముందు వరసలకు వచ్చింది. పాట చెప్పే ఆయన బిత్తరపోయి, హార్మోనియం మీద చెయ్యి ఆపి, పుస్తకాన్ని దగ్గరగా పెట్టుకుని చూశాడు. సామేలు లేచి నిలబడ్డాడు. ఏదో చెప్పబోయాడు. ఆ నవ్వులో వినపడలేదు.

అయ్యగారు నన్ను పక్కకు పిలిచారు. అడగకముందే జేబులోంచి సామేలు అరవ కాగితం తీసి చూపించాను. అంటే సిద్ధంగా తెచ్చుకున్నాను. ఆ పాట ఇద్దరం చెవులారా విన్నామన్న సంగతి ఆయనకు తట్టలేదేమో, అది చూసి నన్ను ఏమీ అనలేదు. తెలుగు అక్షరం రానివాణ్ణి పాటలు నేర్పడానికి ఎలా పంపేదని తనలో తానే అనుకున్నట్టు అన్నారు. ఆ పనికి వేరే మనిషిని పంపారు. చెప్పనని మాట ఇచ్చిన రహస్యం కూడా ఆ విధంగా చెప్పేశాను.

సాయంత్రం బస్టాండులో సామేలు నా పక్కన నిలబడ్డాడు. 

"నేను రాసిందాంట్లో తప్పుందా అన్నా?"

"అరవంలో రెండిటికీ ఒకటే అక్షరం గద సామేలూ. కాగితం చూసి నేనెట్ల కనుక్కునేది?"

అతను ఆలోచించాడు. నేను పాడింది నువ్వు ఇన్నావు గదా అంటాడని ఎదురుచూశాను. ఆ ఒక్క మాట అని ఉంటే అక్కడే కూలిపోయేవాణ్ణి. నా చెవికి గూడే వినబడింది కదా. అరవ అక్షరంలోని తికమక చెవికి ఉండదు కదా.

"నాదే తప్పన్నా," అన్నాడు. "అక్షరం తెలీకుండా పాట రాయబోయినాను. నువ్వేమీ మనసులో పెట్టుకోబాక. నాకు తెలుగు నేర్పిస్తావా?"

"చూద్దాం లే," అన్నాను.

నేర్పలేదు. వారం రోజులు పలక పట్టుకుని వచ్చాడు. పడుగు సాగదీయాలనో, లైబ్రరీకి పోవాలనో చెప్పి పంపేశాను. సభ కబురు ఊరికి చేరాక, వీధిలో అతను కనబడితే చాలు, "కూడు తిన్నావా సామేలూ" అని అడగడం మొదలైంది. అడిగేవాళ్ల మొహంలో తప్పుపట్టడానికి ఏమీ ఉండదు. అతను తిన్నానని జవాబు చెప్పేవాడు. వాళ్ల అమ్మను కూడా అడిగేవాళ్లు. ఆ వేసవిలో మగ్గం దిగి, గుమ్మిడిపూండి ఫ్యాక్టరీలో పనికి వెళ్లిపోయాడు. గుడిసె కొన్నాళ్లు ఉంది. తర్వాత లేదు.

నాకేం దక్కిందని అడుగుతారా? నా కథ ఆ తర్వాత కూడా ఎక్కడా అచ్చు కాలేదు. అతని పాట పోతే నా కథకు చోటు వస్తుందని కూడా నేను అనుకోలేదు. మరి ఎందుకు చేశాను? అది అతనికి దక్కకూడదు, అంతే. ఇంతకంటే మంచి కారణం వెతికాను. బీరువా అంత చదివినవాడికి ఒక్కటైనా దొరకాలి కదా. దొరకలేదు.

పోయిన ఏడు తిరువళ్లూరు ప్లాట్‌ఫారం మీద కనబడ్డాడు. జుట్టు నెరిసింది. పక్కన తోటి పనివాళ్లు. నన్ను చూసి పరుగున వచ్చి చేతులు పట్టుకున్నాడు. ఈ అన్న చదవని పుస్తకం లేదని వాళ్లకు అరవంలో చెప్పాడు. ఇప్పుడు పాడుతున్నావా అని అడిగాను. షిఫ్టులతోనే సరిపోతోందని నవ్వాడు. చెప్పాలనుకున్నాను. ప్రమాణంగా చెప్పాలనుకున్నాను. రైలొచ్చింది. అది రాకపోయినా చెప్పేవాణ్ణి కాను.

ఇప్పుడు రాస్తున్నాను. రాస్తూ రాస్తూ ఇందాకే ఒక సంగతి గమనించాను. నాకు అరవం తెలుగుకంటే బాగా వచ్చు. ఉత్తరాలన్నీ అరవంలోనే రాస్తాను. దీన్ని మాత్రం తెలుగులో మొదలుపెట్టాను. భాష మీద ప్రేమ అనుకున్నాను. కాదు. అరవంలో రాస్తే సామేలు చదవగలడు. అందుకే తెలుగులో రాస్తున్నాను. ఈ కారణాన్ని కూడా దాచుకుందామనుకున్నాను. దాచుకోలేదు. కాస్త ఊపిరి ఆడుతోంది.