ఎదురుకోళ్ళ దగ్గర ఆగే గుర్రం

2022 ఎండాకాలం. హనుమకొండ బయట ఒక గుర్రపు స్వారీ స్కూల్లో నేను సాయిసుగా, అంటే గుర్రాలకు మేతా మాలిషూ చూసే మనిషిగా, కొత్తగా చేరాను. అంతకుముందు మట్టెవాడలో పెళ్ళి బారాత్‌లకు మా గుర్రం మోతిని తిప్పేవాణ్ణి. పెళ్ళికొడుకులు టాప్ లేని కార్లెక్కడం మొదలయ్యాక దానికి పని పోయింది. స్కూల్లో స్వారీ నేర్పే పెద్దాయన పటాలంలో గుర్రాల దళంలో చేసి వచ్చినవాడు, అందరూ దఫేదార్ సాబ్ అంటారు. ఆయన నా వెంట వచ్చిన మోతి కాళ్ళు చూసి ఒక మాటిచ్చాడు. స్కూల్లో జరిగే జంప్ రేస్ చివరిదాకా దాటితే మోతి ఇక్కడే ఉంటుంది, లేదంటే తీసుకుపోవాలి. తీసుకుపోతే దాన్ని కట్టేయడానికి నాకు చోటు లేదు, అమ్ముకోవడమే.

జంప్ రేస్ ఎరగనివాళ్ళకు చెప్తాను. మామూలు పందెంలో పరుగొక్కటే. ఇందులో దారికి అడ్డంగా ఫెన్సులు, అంటే మండలు కట్టిన కంచెలు ఉంటాయి. ఒక్కటీ విడవకుండా దూకాలి. మీద కూర్చున్న మనిషి పడిపోతే, గుర్రం ఒక్కటే అందరికంటే ముందొచ్చినా లెక్కకు రాదు. కంచె ముందు నిలబడిపోవడాన్ని రెఫ్యూజల్ అంటారు. కొత్తవాళ్ళు దూకేటప్పుడు కాళ్ళు చూస్తారు గానీ, అంతకుముందే చెవులు చూడాలి. వెనక్కి పడుకుంటే భయం. ముందుకు నిక్కితే మనసు అక్కడే ఉన్నట్టు.

మోతి మీద స్వారీ, అక్కడే నేర్చుకునే స్రవంతిది. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే హమాలీ మల్లయ్య కూతురు, డిగ్రీ చదువుతుండేది. మొదటి రోజు మోతి గాలిలా పోయి, ఫెన్స్ ముందు టక్కున ఆగి, ముందు కాలెత్తి డ్యాన్స్ మొదలుపెట్టింది. స్రవంతి ఎగిరి అవతల పడింది. అందరూ ఒకటే నవ్వు. రోజూ అదే తంతు.

దఫేదార్ సాబ్ నవ్వలేదు. "భయపడ్తలేదు ఐలయ్యా. చెవులు ముందటికే ఉన్నయ్. ఎవలకోసమో చూస్తాంది," అన్నాడు.

అప్పుడు తట్టింది నాకు. కంచెకు రెండు పక్కలా రంగు గుంజలు, అచ్చం పెళ్ళి గేటు. ఎదురుకోళ్ళప్పుడు గేటు దగ్గర పిల్ల తరపువాళ్ళు ఎదురొచ్చి మోతికి బెల్లం పెట్టేదాకా అది అక్కడే ఆడాలి. అడుగు ముందుకు వేయొద్దు. దానికి తెలిసిన పని అదే. చేసి చూపిస్తోంది.

ఆ సంగతి చెప్తే స్రవంతి మోచేతి దుమ్ము దులుపుకుంటూ అంది: "గంతేనా కాకా? అయితే పిల్ల తరపోళ్ళను కంచె అవుతల నిలవెడ్దాం."

మర్నాటి నుంచి నేను చిన్న కంచె అవతల బెల్లం పట్టుకుని నిలబడ్డాను. మొదట మెడ చాపింది. తర్వాత దూకింది. మెల్లగా ఎత్తు పెంచాం. కానీ పందెం రోజు దారిలో మనిషి ఉండకూడదు, రెయిలింగ్ బయటే ఉండాలి. కంచెలేమో చాలా ఉన్నాయి, నేనొక్కణ్ణే.

పందెం ఆదివారం పడింది. మార్కెట్ బంద్. మల్లయ్య తన జట్టు హమాలీలందరినీ ట్రాలీ ఆటోలో ఎక్కించుకొచ్చాడు. వారమంతా బస్తాలు మోసిన నడుములకు ఆ ఒక్కరోజే ఆరాం. అదీ మానుకుని, ఇస్త్రీ చొక్కాలేసుకుని, ఒక్కో కంచె అవతల రెయిలింగ్ బయట ఒక్కొక్కరు బెల్లంగడ్డతో నిలబడ్డారు.

"ఫికర్ చెయ్యకు బావా. ఇయ్యాల పిల్ల తరపోళ్ళం మేమే, మర్యాదలకు తక్కువ జెయ్యం," అన్నాడు మల్లయ్య.

మిగతా గుర్రాలకు అడ్డం రాకుంటే చాలని దఫేదార్ సాబ్ ఒప్పుకున్నాడు.

మోతి అందరికంటే వెనకే పరిగెత్తింది. కానీ ప్రతి కంచె ముందు చెవులు నిక్కేవి, అవతల ఎవరో "దా బిడ్డా" అని పిలిచేవారు, దూకేది. చివరి కంచె దగ్గర అడుగు తడబడింది. అక్కడున్నది మల్లయ్య. మీద కూతురుంది కదా, ఆయన పిలవడమే మరిచిపోయాడు. చెయ్యి మాత్రం చాపాడు. మోతి దూకింది.

గెలిచిన గుర్రం చుట్టూ జనం మూగారు. దఫేదార్ సాబ్ నా దగ్గరికొచ్చి లాయంలో ఖాళీ గది చూపించి, "దీని బకెట్ గాడ పెట్టు," అని వెళ్ళిపోయాడు.

మొండిదనుకున్న గుర్రం నిజానికి నేర్చిన పని మరవని గుర్రం. దాన్ని కొట్టి మాన్పించే పని లేకపోయింది, అవతల నిలబడే మనుషులు దొరికారు. మొదటి కంచె దగ్గర కొమురయ్య, మలుపులో రాజీరు, నీళ్ళ గుంట దగ్గర సాంబయ్య, ఎండకు తువ్వాల కప్పుకుని ఓదెలు, చివర మల్లయ్య. వాళ్ళ పేర్లు నేనెక్కడా రాసుకోలేదు. రోజూ మోతికి మేత వేసేటప్పుడు వరసగా తలుచుకుంటాను.