చీమలు తిన్న ఆకు

బడి గేటు దగ్గర నాన్న నిలబడి ఉన్నాడు. ముందుగా చెప్పకుండా ఆయన కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ వచ్చింది ఎన్నడూ లేదు. పిల్లలను లోపలికి పంపి దగ్గరికి వెళ్ళాను.

"అత్త పోయింది పాపా. నిద్దర్లోనే" అన్నాడు.

ఇద్దరం స్టేషనుకు నడిచాం.

ఆమె నాన్నకు అక్క. చిన్న వయసులోనే భర్త పోతే, కడంబూరు పక్క పల్లె నుంచి మా ఇంటికి వచ్చింది. మా వీధి దాటితే ఆమెను ఎరిగినవాళ్ళు తక్కువ. ఆమె చేసిన ఒక పని నేను దగ్గరుండి చూశాను. దాన్ని మీకు చెప్పాలని రాస్తున్నాను.

నేను ఇప్పుడు చదువు చెప్పే బడిలోనే, హాస్టల్లో ఉండి చదువుకున్నాను. ఒకసారి నన్ను దించడానికి వచ్చిన అత్త, బడి నడిపే క్రైస్తవ సన్యాసిని, మా మదర్ భుజాల మీద లేసు శాలువా చూసింది. చూపు కదపలేదు. మదర్ నవ్వి, దాన్ని తీసి ఆమె చేతికిచ్చింది. అత్త కిటికీ వెలుగుకు పట్టి చాలాసేపు చూసింది.

"దారం ఉండేది కొంచమే పాపా. మిగిలిందంతా గాలి. అయినా నిలిచుండాదే!"

అల్లిక సూదులు పట్టడం సెలవుల్లో నేను నేర్పాను. మేజోళ్ళతో మొదలుపెడదామంటే వినలేదు. ఆ శాలువాయే కావాలంది. మదర్ ఇచ్చిన నమూనా కాగితాలు ఇంగ్లీషులో ఉండేవి. శనివారం నేను ఇంటికి రాగానే చదివి తెలుగులో చెప్పేదాన్ని. అత్త పెరట్లో అలికిన నేల మీద బియ్యప్పిండితో చుక్కలు పెట్టేది. చుక్క ఉన్నచోట లేసులో బెజ్జం. చుక్క లేనిచోట నిండు అల్లిక. భర్త పోయాక ఆమె ముందు వాకిట్లో ముగ్గు వేసింది లేదు. పెరటి ముగ్గును మాత్రం ఎవరూ కాదనలేదు. నేను తిరిగి రైలెక్కాక, ఆ చుక్కలనే రోజూ పొద్దున మళ్ళీ పెట్టుకుని, పక్కన కూర్చుని మిల్లు నూలుతో అల్లేది.

"రాతిపిండి అయితే నిలుస్తుంది గదా వదినా?" అని అమ్మ అడిగితే, "చీమలకు రాళ్ళు పెడితే పుణ్యమా?" అంది.

నాన్నకు ఇదంతా వేళాకోళం. "ఏంక్కా, చెరువుల చుక్క నీళ్ళు లేవు, వల అల్లతా ఉండావు?"

"చేప పడితే తలకాయ నీకే తమ్ముడా. ఊరికే కూసో."

సగం శాలువా అయ్యేసరికి ఆమె కళ్ళకు పొర కమ్మింది. మదురై డాక్టరు చూసి, పొర ముదిరాక కోయవచ్చు గాని చూపు తిరిగి వస్తుందని చెప్పలేనన్నాడు. తిరిగి వచ్చే బండిలో అత్త నాతో అంది: "గుడ్డిదాన్ని అయితే అవుతా పాపా. ముందు అది విచ్చుకునింది చూడాల."

ఆనాటి నుంచి ఆమె ఒక్క పొద్దు కూడా సూదులు వదలలేదు. వెలుగు ఎటు జరిగితే పీట అటు జరిగేది. మధ్యభాగం అయ్యింది. చుట్టూ అంచు మొదలయ్యింది. అంచుకు నాలుగు మూలలా నాలుగు ఆకులు రావాలి, ఆకు నిండా బెజ్జాలు.

మొదటి మూల అయిన వారం నేను ఇంటికి వచ్చి చూస్తే ఆకు సగమే ఉంది. రెండో సగంలో ఒక్క బెజ్జం లేదు. ఎలా జరిగిందో పెరట్లోకి వెళ్ళాక తెలిసింది. పొద్దున వేసిన చుక్కలను ఒక పక్క నుంచి చీమలు మోసుకుపోతున్నాయి. అల్లేనాడూ అంతే అయి ఉంటుంది. పోయిన చుక్కలు పోయినట్టు ఆమె కంటికి ఆనలేదు. మిగిలినవి చూసి అల్లింది.

సంగతి చెప్పాను. వేలితో ఆకంతా తడిమి చూసుకుంది. విప్పి మళ్ళీ అల్లుదామన్నాను.

"ఇప్పదీస్తే మళ్ళా ఇదే దోవ నడవాల. అంత చూపు లేదు నాకాడ." నవ్వింది. "ఇంకా మూడు మూలలుండాయి గదా? వాట్లనూ చీమల్ని తిననీ."

మిగిలిన మూడు మూలల్లోనూ సగం ఆకే అల్లింది. తప్పు దిద్దడం బడిలో నేర్చుకున్నదాన్ని. తప్పుకు తోడు తేవచ్చని నాకు తట్టి ఉండేది కాదు.

శాలువా అయిపోయిన రోజు సూదుల మీద నుంచి నలిగిన గుడ్డపేలిక దిగింది. "దీనికా వదినా ఇంత కష్టం?" అని అమ్మ కళ్ళు ఒత్తుకుంది. తడిపి, లాగి, ఆరబెట్టాలని మదర్ నాకు చెప్పి ఉంచింది. తడిపి పెరట్లో చాప మీద పరిచాం. తెల్లటి చాప మీద తెల్లటి నూలు. అత్త వంగి చూసి తల అడ్డంగా ఆడించింది. ఆమెకు ఏమీ కనబడలేదు.

అప్పటిదాకా ఎగతాళి చేసిన నాన్న లోపలికి వెళ్ళి తన నల్ల కంబళి తెచ్చి నేల మీద పరిచాడు. గుండుసూదులు లేవు. ఆయనే కంచెలోంచి తుమ్మముళ్ళు కోసుకొచ్చాడు. నేను, అమ్మ శాలువాను కంబళి మీదికి మార్చి అంచు పట్టి లాగుతుంటే ఆయన కంబళిలోంచి నేలలోకి ముళ్ళు గుచ్చుతూ వచ్చాడు. ముల్లు ముల్లుకూ పేలిక వెడల్పయ్యింది. మూసుకున్న బెజ్జాలన్నీ తెరుచుకున్నాయి. ఇంత గాలి ఆ దారాల మధ్య ఎక్కడ దాగి ఉందో!

అత్త మోకాళ్ళ మీద కూర్చుంది. ముక్కు లేసుకు తగిలేంత వంగి, ఒక మూల నుంచి చూసుకుంటూ బయల్దేరింది.

"తమ్ముడా, నీ నీడ పడతా ఉండాది. అట్ల పో."

నాన్న గోడ దాకా వెనక్కి జరిగాడు. మేమూ జరిగాం. మిట్ట మధ్యాహ్నపు ఎండలో, నల్ల కంబళి చుట్టూ, ఆమె అంచు వెంబడి మోకాళ్ళ మీద మెల్లగా జరుగుతూ ఉంది.