గీతలన్నీ ఆమె దగ్గరికే

మా జట్టు రాయచూరులో కూర్చుని రైసుమిల్లులకు సాఫ్ట్‌వేర్ రాస్తుంది. పొద్దున్నే నిలబడి మీటింగు పెట్టుకోవాలని సాఫ్ట్‌వేర్ వాళ్ల అజైల్ పద్ధతి చెబుతుంది. కాళ్లు నొప్పి పుడితే మాటలు తగ్గుతాయని దాని ఆశ. మా మీటింగు నొప్పి పుట్టేదాకా వచ్చేది కాదు. ఎవరిని అడిగినా తెలుగులోనో, కన్నడలోనో, ఉర్దూలోనో అర్థమైందనేవారు. నలుగురిలో అర్థం కాలేదనడం మా వైపు మర్యాద కాదు. తరువాత ఒక్కొక్కరే టెస్టింగు చూసే అమ్మాయి దగ్గరికి వెళ్లి, తమకు ఏం అర్థమైందో కనుక్కునేవారు.

పోతనాళ మిల్లు యజమాని కోస్తా తెలుగులో చెప్పినదాన్ని కోడు రాసే కన్నడాయనకు ఆమే విప్పి చెప్పాలి. దాంతో ఎవరి పని ఎంతైందో చూపే బోర్డు మీద ఆమె పేరున్న పనులు కదిలేవి కావు. బెంగళూరులోని మేనేజరు బోర్డు తప్ప మరొకటి చూడడు. ఆమెను తీసేద్దామని, ఇక్కడ జట్టును చూసుకునే నాకు ఫోను చేశాడు.

కాలేజీలో గ్రాఫ్ థియరీ పరీక్ష గట్టెక్కిన ధైర్యంతో వారం పాటు ఎవరు ఎవరిని అడుగుతున్నారో గమనించి, మనిషికో చుక్క, ప్రశ్నకో గీత పెట్టాను. సాలెగూడు వస్తుందనుకుంటే సైకిల్ చక్రం వచ్చింది. పుల్లలన్నీ ఆమె దగ్గరే కలిశాయి. ఈ చుక్కను చెరిపితే మిగిలేది జట్టు కాదని మేనేజరుకు పంపాను. ఉండనీ అన్నాడు.

ఆ బొమ్మ ఆమెకు చూపించాను, కొంత మెప్పు ఆశించి.

"నన్ను తీసేస్తరన్నది నాకు ఎప్పుడో ఎరుక సార్. మీ ఫోను స్పీకరుల ఉండె. నిజమేనా అని అందరు వచ్చి నన్నే అడిగిన్రు," అంది. "నన్ను ఉంచుడు సరే. రేపు నాకు జ్వరమొస్తే ఆఫీసుకు తాళమేస్తరా ఏంది? ముందు ఈ గీతలు తీయున్రి."

తీశాం. కన్నడాయనను బస్సెక్కించి పోతనాళ పంపాం. యజమానితో ఆయనే మాట్లాడుకున్నాడు, ఎలాగో. మీటింగులో ఎవరి పని వారు కాక, పక్కవారి పని చెప్పాలన్న నియమం ఆమెదే. మొదటి రోజు ఎవరికీ పక్కవారి పని తెలియదని తేలింది. మీటింగు ఇప్పట్లో తెగదని అందరం కుర్చీలు తెచ్చుకున్నాం.

కొన్నాళ్లకు ఆమె సెలవు పెట్టి మాన్వి వెళ్లింది. పని ఆగలేదు. ఆమె లేకున్నా నడుస్తోంది కదా, అని మేనేజరు మళ్లీ ఫోను చేశాడు. అలా నడిచేలా కట్టింది ఆమేనని చెప్పాను, స్పీకరు పెట్టే. ఇప్పుడు జట్టులోకి ఎవరొచ్చినా, మొదట ఎవరి పక్కన కూర్చోవాలో ఆమే నిర్ణయిస్తుంది. నన్ను కూడా కిటికీ దగ్గర నుంచి లేపి కన్నడాయన పక్కన వేసింది.