ఆరాధన మధ్యలో లేచి వెళ్ళిన నాన్నగారు

డిగ్రీ చదవడానికి అమలాపురం వెళ్ళేవరకూ దేవుడి గురించి అనుమానపడవచ్చని నాకు తెలియదు. రాజోలు దగ్గర మా పేటలో పిల్లలందరిలాగే నేనూ ఆదివారం చర్చికి వెళ్ళేదాన్ని, పాటలు కంఠతా పట్టేదాన్ని. డెబ్భైల మధ్యలో హాస్టల్లో చేరాక నా గదిలో ఉండే అమ్మాయి అడగడం మొదలుపెట్టింది. సముద్రం రెండుగా ఎలా చీలుతుంది? చచ్చిపోయిన మనిషి ఎలా లేస్తాడు? మొదట్లో ఉడుక్కునేదాన్ని. రెండో ఏడు వచ్చేసరికి అవే ప్రశ్నలు నేను వేరేవాళ్ళని అడుగుతున్నాను.

కానీ నన్ను చర్చికి దూరం చేసింది ఆ ప్రశ్నలు కాదు. మా ఇంటి సంగతి.

మా నాన్నగారు స్కూలు మాస్టారు, చర్చిలో సంఘపెద్ద. రోజూ భోజనాలకి ముందు బైబిలు చదివి, పాఠం చెప్పినట్టే మాకు అర్థం చెప్పేవారు. అలాంటి మనిషి సొంత తమ్ముడితో ఏళ్ళ తరబడి మాట్లాడలేదు.

నేను హైస్కూల్లో ఉండగా, గోదావరికి వరద వచ్చిన రోజుల్లో మా నాయనమ్మ పోయింది. మిలటరీలో ఉన్న బాబాయికి టెలిగ్రాం ఇచ్చారు. ఆయన రైళ్ళు మారి నరసాపురం దాకా వచ్చేశాడు. అక్కడ వరద ఉధృతికి గోదావరి దాటించే పంటు ఆపేశారు. బాబాయి అవతలి రేవులో తడుస్తూ నిలబడి ఉండగానే, ఇవతల మా ఊళ్ళో నాన్నగారు సమాధి చేయించేశారు. మర్నాడు బాబాయి వచ్చేసరికి కొత్త మట్టి తప్ప ఏమీ లేదు.

"ఒక్క పూట ఆగలేకపోయేవా అన్నయ్యా?" అన్నాడు.

"ఆ వానలో ఇంకెంతసేపు ఉంచుతాం? నేను చేసింది సబబే" అన్నారు నాన్నగారు.

ఆ మాట దగ్గరే ఇద్దరూ ఆగిపోయారు. పెన్షను మీద తిరిగి వచ్చాక బాబాయి కాలవకి అవతలి గట్టున ఇల్లు కట్టుకున్నాడు. చర్చికి రావడం మానేశాడు. రోడ్డు మీద ఎదురుపడితే ఇద్దరూ చెరో పక్కకి చూసుకుంటూ వెళ్ళిపోయేవారు.

వేసవి సెలవులకి ఇంటికొచ్చినప్పుడు నేను చర్చికి రానని చెప్పేశాను. అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాన్నగారు కోప్పడలేదు. "ఎందుకు రావో చెప్పమ్మా, వింటాను" అన్నారు.

"సహోదరుడికి మన మీద కోపం ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలేసి ముందు అతనితో సమాధానపడమని మొన్న మీరే చదివేరు కదండీ" అన్నాను. "అది మనకి కాదాండీ? చదివి ఊరుకోడానికేనా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. నాన్నగారి మొహం ఎర్రబడింది. చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయారు. ఆ తరవాత కొన్నాళ్ళు ఇంట్లో చదవడం సాగింది గాని, అర్థం చెప్పడం మానేశారు.

రొట్టె, ద్రాక్షారసం పంచే సంస్కారపు ఆదివారం వచ్చింది. ఆ రోజు నేనే చర్చికి బయల్దేరాను. భక్తితో కాదు. ఆయన ఆ రొట్టె ఎలా తీసుకుంటారో చూద్దామని.

పాస్టరుగారు రొట్టె మీద కప్పిన తెల్లగుడ్డ తీయబోతుండగా నాన్నగారు ముందు వరసలోంచి లేచారు.

"అయ్యగారండీ, కాస్త ఆగుతారా? నేను మా తమ్ముడి దగ్గరికి వెళ్ళాలి."

పాస్టరుగారు ఒక్క క్షణం ఆయన వంక చూసి, "ఆయ్, వెళ్ళి రండి మాస్టారూ. పాటలు పాడుకుంటూ ఉంటాం" అన్నారు.

నేనూ వెనకాలే పరిగెత్తాను. నాన్నగారు వెనక్కి చూడలేదు. ఎండలో గొడుగు కూడా లేకుండా వంతెన దాటి వెళ్ళారు. బాబాయి తన పెరట్లో కొబ్బరికాయలు వలుస్తున్నాడు. అన్నయ్యని చూసి కూడా చెయ్యి ఆపలేదు.

"అమ్మని నీకు చూపించకుండా పంపించేసేనురా" అన్నారు నాన్నగారు. "ఆగవలసింది. ఆగలేదు. తప్పు నాదే."

బాబాయి చేతిలో కాయ వలవడం పూర్తిచేసి పక్కన పెట్టాడు.

"ఇన్నాళ్ళూ సబబే అన్నావు కదా?"

"అన్నాను."

ఇంకేమైనా అంటారేమోనని చూశాను. ఆయన చేతులు కట్టుకుని, స్కూల్లో పిల్లాడిలా నిలబడిపోయారు. నాన్నగారిని అలా ఎప్పుడూ చూడలేదు.

"వెళ్ళన్నయ్యా" అన్నాడు బాబాయి చివరికి, తల ఎత్తకుండా. "అక్కడ జనం కూర్చునుంటారు."

తిరిగి వస్తుంటే నాకు ఉక్రోషం వచ్చింది. "బాబాయిగారు క్షమించేనని అనలేదు కదండీ" అన్నాను.

"అనకపోవచ్చమ్మా. ఎన్నేళ్ళు బాధపడ్డాడో" అన్నారు నాన్నగారు, కండువాతో మొహం తుడుచుకుంటూ. చర్చిలో ఇంకా పాడుతూనే ఉన్నారు.

సెలవులు అయిపోయే ముందు ఒక సాయంత్రం బాబాయి మా వీధి గుమ్మంలోకి వచ్చాడు. అమ్మ హడావుడిగా కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు.

"అమ్మ చివర్లో ఏమైనా అందా అన్నయ్యా? నన్ను అడిగిందా?"

నాయనమ్మ చివరి రోజుల సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదని అప్పుడు తెలిసింది మాకు. ఆ సాయంత్రం నాన్నగారు అంతా చెప్పారు. నాయనమ్మకి మాట పడిపోక ముందు గుమ్మంలో చెప్పుల చప్పుడైతే చాలు, చిన్నాడొచ్చేడా అని అడిగేదట. మంచం గుమ్మానికి ఎదురుగా వేయించుకుందట. బాబాయి అరుగు మీద కూలబడి ఏడ్చాడు. నాన్నగారు పక్కన కూర్చుని ఆయన వీపు మీద చెయ్యి వేసి ఉంచారు. అమ్మ ఇద్దరికీ ఒకే పళ్ళెంలో అన్నం కలిపి తెచ్చింది.

హాస్టల్‌కి తిరిగి వెళ్ళేటప్పుడు బైబిలు అడిగి తీసుకెళ్ళాను. ఈసారి దాన్ని వేరేగా చదివాను. సముద్రం సంగతి అలాగే ఉంది, ఇప్పటికీ నాకు పూర్తిగా తేలలేదు. కానీ అందులో ఉన్న ఒక్క వాక్యం మా నాన్నగారిలాంటి పంతం మనిషిని ఎండలో వంతెన దాటించింది. అది నేను కళ్ళారా చూశాను. అలాంటి మాట ఉత్త మాట అని కొట్టిపారెయ్యడం ఇక నాకు చాతకాలేదు. చదివాను, మానేశాను, మళ్ళీ చదివాను. ఒక్కసారిగా ఏదీ జరగలేదు.

ఎనభైల మొదట్లో, అల్లవరం దగ్గర టీచరుగా చేరాక, బాప్తిస్మం తీసుకుంటానని మా ఊరి పాస్టరుగారికి చెప్పాను.

"నాకింకా అనుమానాలున్నాయండీ" అని కూడా చెప్పాను.

"నాకూ ఉన్నాయమ్మా" అని నవ్వారాయన. "అడుగుతూ ఉందాం."

బాప్తిస్మం రోజు కాలవలో నడుము లోతు నీళ్ళలో నిలబడి చూస్తే, గట్టు మీద నాన్నగారు, బాబాయి పక్కపక్కన నిలబడి ఉన్నారు. నీళ్ళు చల్లగా ఉన్నాయి. వణుకుతూ బయటికి రాగానే బాబాయి పొడి తువ్వాలు నా భుజాల చుట్టూ కప్పి, "పదమ్మా, మీ పిన్ని వేడివేడిగా కాఫీ పెట్టింది" అన్నాడు.